గొంతు గొట్టం అమర్చిన రోగుల భద్రత: ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులలో గమనించవలసిన విషయాలు

ప్రత్యేక వ్యాసం – వైద్యం, ఆరోగ్యం

ఊపిరి అందని రోగికి మెడ ముందు భాగాన చిన్న రంధ్రం చేసి, దాని గుండా శ్వాసనాళంలోకి గొట్టం అమర్చే శస్త్రచికిత్సను వైద్యులు ట్రాకియాస్టమీ అంటారు. పల్లెలలో ‘గొంతుకు పైపు వేశారు’ అని చెప్పుకుంటారు. ఒకప్పుడు ఈ చికిత్స కోసం రోగులు ఎక్కువగా హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ, కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రులకు వెళ్ళవలసి వచ్చేది. వైద్య కళాశాలలు, వాటితోపాటు ఐసీయూలు విస్తరించిన తరువాత దక్షిణ తెలంగాణ జిల్లాలలోనూ ఇది జరుగుతున్నది. శస్త్రచికిత్స సాధారణంగా అరగంట పని. రోగి ప్రాణానికి ముప్పు మాత్రం ఆ అరగంటలో కన్న ఆ తరువాతి రోజులలోనే ఎక్కువ. గొట్టం జారిపోవడం, కఫంతో పూడిపోవడం, మెడలోంచి రక్తస్రావం కావడం అనే మూడింటిలో మొదటి రెండూ తరచుగా ఆపరేషన్ థియేటరు బయటనే, అంటే ఐసీయూలో, జనరల్ వార్డులో, అంబులెన్సులో, చివరకు ఇంటి వద్ద సంభవిస్తాయి. అందుచేత ఈ చికిత్స భద్రత సర్జన్ నైపుణ్యంతో తీరిపోయే విషయం కాదు. రాత్రి పాళీలో ఉన్న స్టాఫ్ నర్సుకు, అంబులెన్సు సిబ్బందికి, రోగి వెంట ఉన్న ఇంటివారికి ఆ గొట్టం గురించి ఎంత తెలుసు అన్నదానిపై అది ఆధారపడి ఉంటుంది.

ఈ జిల్లాలలోనే ఎందుకు

ప్రత్తి, వరి, మిరప సాగు చేసే ఈ మెట్ట ప్రాంతంలో పురుగుమందుల విషప్రభావానికి లోనై ఆసుపత్రికి వచ్చేవారు ఏటా ఉంటారు. పొరుగున ఉన్న వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుండి 2002 వరకు 8,040 మంది పురుగుమందు విషప్రభావంతో చేరినట్లు, వారిలో నూటికి 22.6 మంది మరణించినట్లు 2005లో ప్రచురితమైన పరిశీలన తెలిపింది. ఆ తరువాతి కాలంలో కొన్ని మందులపై నిషేధం వచ్చింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసింది. అయినప్పటికీ ఆర్గానోఫాస్ఫరస్ వర్గానికి చెందిన మందులు నేటికీ ఐసీయూ పడకలను నింపుతున్న కారణాలలో ఒకటి.

ఈ విషానికి ఒక ప్రత్యేక లక్షణం కలదు. మొదటి రోజు ఆట్రోపిన్‌తో కోలుకున్నట్లు కనిపించిన రోగి, రెండవ రోజు నుండి నాలుగవ రోజు లోపల తల ఎత్తలేని స్థితికి వచ్చి, క్రమంగా ఊపిరి తీసే కండరాలు పనిచేయక కూలిపోవచ్చు. శ్రీలంక వైద్యులు సేనానాయకె, కరల్లియద్దె 1987లో దీనిని వివరించి ‘ఇంటర్మీడియట్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. కండరాలు తిరిగి బలం పుంజుకొనడానికి కొద్ది రోజుల నుండి రెండు మూడు వారాల వరకు పట్టవచ్చు. అంతకాలం వెంటిలేటర్ అవసరం. నోటి గుండా వేసిన గొట్టాన్ని వారాల తరబడి ఉంచడం కష్టం కనుక, ఆలస్యమవుతుందని తేలిన రోగులకు ట్రాకియాస్టమీ చేస్తారు. వీరిలో అధికులు వయస్సులో ఉన్నవారు, కోలుకుంటే పూర్తిగా మామూలు మనుషులయ్యేవారు. విషాన్ని జయించిన అటువంటి రోగి గొట్టం పూడుకుపోయి మరణించడం ఏ ఆసుపత్రికీ సమర్థించుకోదగిన విషయం కాదు.

రెండవ కారణం రహదారులు. హైదరాబాద్ నుండి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి (2010 వరకు 9వ నంబరు) చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా పోతుంది. బెంగళూరు వైపు వెళ్ళే 44వ నంబరు రహదారి (మునుపటి 7వ నంబరు) జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా కృష్ణ దాటుతుంది. ఈ రెండు దారులలో తలకు గాయమై అపస్మారక స్థితిలో చేరిన రోగులకు, దవడ లేక మెడ ఎముక విరిగిన వారికి శ్వాస మార్గం కాపాడడమే మొదటి పని అవుతుంది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ ప్రమాద స్థలం నుండి ఆసుపత్రికి చేరే వ్యవధిని తగ్గించింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. మిగిలినవి అనంతపురం, శ్రీకాకుళం. కొద్ది నెలల తరువాత నల్లగొండ కూడా చేరింది. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటలలో, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019లో తరగతులు మొదలయ్యాయి. ఫలితంగా, దారిలోనే మరణించి ఉండేవారు ఇప్పుడు ఐసీయూ దాకా వస్తున్నారు. కొత్త ఐసీయూకు వెంటిలేటరు ఒక్కరోజులో వస్తుంది. గొట్టం చూసుకొనే అలవాటు రావడానికి సంవత్సరాలు పడుతుంది.

రెండు వేర్వేరు ప్రక్రియలు

వార్తలలో ‘గొంతుకు రంధ్రం’ అని ఒకే మాటగా వచ్చే దానిలో రెండు వేర్వేరు ప్రక్రియలు ఉన్నాయి. మొదటిది అత్యవసరంగా చేసేది. నోటి గుండా గొట్టం పడక, మాస్కుతో గాలి పంపడం కూడా సాధ్యం కాక, రోగి నీలిమగా మారుతున్నప్పుడు కంఠమణికి కొంచెం దిగువన, చర్మానికి దగ్గరగా ఉన్న క్రైకోథైరాయిడ్ పొరను కోసి గొట్టం దించుతారు. దీనికి నిమిషాలే వ్యవధి. అఖిల భారత డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ స్థితిని ముందే ఊహించి, మరల మరల నోటి గొట్టానికి ప్రయత్నిస్తూ కాలయాపన చేయరాదని స్పష్టంగా చెప్పాయి. లోపం సాధారణంగా చేతిలో ఉండదు, నిర్ణయంలో ఉంటుంది. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అనే మాట దగ్గర రోగి మెదడుకు ప్రాణవాయువు ఆగిపోతుంది. చిన్న పిల్లలలో ఆ పొర చాలా చిన్నది కనుక వారికి నిపుణులు వేరే పద్ధతులు అనుసరిస్తారు.

రెండవది ట్రాకియాస్టమీ. ఇది చాలావరకు ముందుగా నిర్ణయించుకొని చేసేది. ఇ.ఎన్.టి. సర్జన్ థియేటరులో కోసి చేయవచ్చు. లేదా 1985లో సియాలియా వివరించిన పద్ధతిలో, సూది, తీగ, క్రమంగా వెడల్పు చేసే పరికరం ఉపయోగించి ఐసీయూ పడక వద్దనే చేయవచ్చు. రెండింటిలోనూ శ్వాసనాళపు రెండవ, నాల్గవ వలయాల మధ్య ప్రాంతాన్ని ఎంచుకుంటారు. మరీ పైన చేస్తే ఆ తరువాత శ్వాసనాళం ముడుచుకుపోతుందని అమెరికన్ వైద్యుడు షెవాలియర్ జాక్సన్ 1921లోనే హెచ్చరించాడు.

ఎప్పుడు చేయాలి అన్న ప్రశ్నకు బ్రిటన్‌లో 909 మంది రోగులపై జరిగి 2013లో ప్రచురితమైన ‘ట్రాక్‌మ్యాన్’ పరిశోధన కొంత సమాధానం ఇచ్చింది. నాలుగు రోజులలోపు చేసినా, పది రోజుల తరువాత చేసినా మరణాల సంఖ్యలో తేడా కనిపించలేదు. పైగా వేచి చూడవలసిన వర్గంలో సగానికి పైగా రోగులకు ట్రాకియాస్టమీ అవసరమే రాలేదు. అవసరం లేని రంధ్రం చేయకపోవడం కూడా భద్రతలో భాగమే. పురుగుమందు రోగుల విషయంలో ఇది మరింత వర్తిస్తుంది, ఎందుకంటే వారిలో కొందరు వారం లోపలే సొంతంగా ఊపిరి తీయగలరు.

థియేటరులో ఒక జాగ్రత్త తప్పనిసరి. శ్వాసనాళాన్ని తెరిచే క్షణంలో విద్యుత్ కాటరీ ఉపయోగిస్తే లోపల ఉన్న అధిక ఆక్సిజన్‌కు నిప్పంటుకొనే ప్రమాదం కలదు. అందుకే నాళాన్ని కత్తితోనే తెరుస్తారు. సర్జన్, మత్తు వైద్యుడు ఒకరికొకరు చెప్పుకొని ఆ దశకు ముందు ఆక్సిజన్ శాతాన్ని తగ్గిస్తారు.

ఫ్లోరోసిస్ మెడ

పాఠ్యగ్రంథాలలో తక్కువగా కనిపించే ఒక సమస్య నల్లగొండ వైద్యులకు ఎదురవుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాలలో తరతరాలుగా ఫ్లోరైడ్ నీరు తాగినవారి ఎముకలు గట్టిపడి, వెన్నెముకను కలిపే బంధనాలు సైతం ఎముకగా మారి ఉంటాయి. ఈ వ్యాధిని ఈ జిల్లాలో 1940లలోనే గుర్తించారు. నీటిలో ఫ్లోరైడ్ తొలగించేందుకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ రూపొందించిన విధానానికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు ఇళ్ళకు చేరిన తరువాత కొత్త తరానికి ఆ బాధ తప్పుతుంది. కానీ గట్టిపడిన మెడ తిరిగి మెత్తబడదు. ఆ తరం వారు ఇప్పుడు నడివయస్సులో, వృద్ధాప్యంలో ఆసుపత్రులకు వస్తున్నారు.

ట్రాకియాస్టమీకి భుజాల కింద దిండు పెట్టి మెడను వెనుకకు వంచడం ఆనవాయితీ. అప్పుడే శ్వాసనాళం పైకి వచ్చి చేతికి అందుతుంది. ఫ్లోరోసిస్ రోగి మెడ అలా వంగదు. గూని ఉన్నవారిలో గడ్డం ఛాతీకి దగ్గరగా వచ్చి, శ్వాసనాళంలో ఎక్కువ భాగం రొమ్ము ఎముక వెనుకకు పోయి ఉంటుంది. బలవంతంగా వంచితే, ఇప్పటికే ఇరుకైన వెన్నుపూస రంధ్రంలో వెన్నుపాము నలిగి కాళ్ళు చేతులు పడిపోయే ప్రమాదం ఉంటుంది. నోటి గుండా గొట్టం వేయడం కూడా వీరిలో కష్టమే. కాబట్టి ఇటువంటి రోగి ఐసీయూలో చేరిన మొదటి గంటలోనే మెడ ఎంత కదులుతున్నదో చూసి కేసు షీటులో వ్రాయడం, అవసరమైతే మెడ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ చేయించడం, బ్రాంకోస్కోపు, ఇ.ఎన్.టి. సర్జన్ అందుబాటులో ఉన్న చోటికి ముందే పంపడం మంచిది. రాత్రి రెండు గంటలకు ఊపిరి ఆగుతున్నప్పుడు ఈ విషయం కనుగొనడం వలన ప్రయోజనం లేదు. రోడ్డు ప్రమాదంలో మెడ ఎముక గాయపడినవారికీ ఇదే సూత్రం.

మొదటి వారం

మెడపై చేసిన రంధ్రం ఒక దారిగా గట్టిపడడానికి కోసి చేసిన పద్ధతిలో సుమారు నాలుగు రోజులు, సూది పద్ధతిలో ఏడు నుండి పది రోజులు పడుతుంది. ఈలోగా గొట్టం బయటకు వస్తే కండరాలు, కొవ్వు పొరలు వెంటనే దగ్గరకు చేరి దారి మూసుకొంటుంది. గాభరాతో అదే గొట్టాన్ని గుడ్డిగా తోస్తే అది శ్వాసనాళంలోకి కాక దాని ముందున్న మెత్తని కణజాలంలోకి పోతుంది. బయటకు చూస్తే గొట్టం చక్కగా ఉన్నట్లే ఉంటుంది. ఆ స్థితిలో ఆంబూ బ్యాగు నొక్కితే గాలి చర్మం కింద చేరి మెడ, ముఖం ఉబ్బిపోతాయి. ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరి రోగి ఇంకా త్వరగా క్షీణిస్తాడు.

పూర్తిగా బయటకు వచ్చిన గొట్టం అందరికీ కనిపిస్తుంది. సగం జారినది ఎవరికీ కనిపించదు, అదే ఎక్కువ ప్రమాదకరం. రోగిని పక్కకు తిప్పేటప్పుడు, పక్క దుప్పటి మార్చేటప్పుడు, సి.టి. స్కాన్‌కు తీసుకుపోయేటప్పుడు వెంటిలేటర్ పైపు బరువుకు గొట్టం లాగబడుతుంది. దీనిని కనిపెట్టే నమ్మకమైన సాధనం క్యాప్నోగ్రాఫ్. రోగి వదిలే గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను అలల రూపంలో తెరపై చూపిస్తుంది. అల కనిపిస్తే గాలి ఊపిరితిత్తులకు పోయి వస్తున్నది. అల లేకపోతే, వేరే రుజువు దొరికేంతవరకు గొట్టం సరైన చోట లేదనే భావించాలి. వేలికి తగిలించే ఆక్సిజన్ కొలిచే పరికరం ఈ విషయాన్ని ఆలస్యంగా, కొన్నిసార్లు రెండు మూడు నిమిషాల తరువాత చెబుతుంది.

బ్రిటన్ ఆసుపత్రులలో ఒక సంవత్సరం పాటు సేకరించిన తీవ్ర ఘటనల నివేదిక 2011లో వెలువడింది. ఐసీయూలలో జరిగిన ఘటనలలో నూటికి 61 మరణం లేదా మెదడు దెబ్బతినడంతో ముగిశాయి. ఆపరేషన్ థియేటరులో ఈ సంఖ్య 14 మాత్రమే. ట్రాకియాస్టమీకి సంబంధించిన ఘటనలలో ఎక్కువ భాగం గొట్టం స్థానం తప్పినవే. ఐసీయూ మరణాలలో నూటికి 70కి పైగా సందర్భాలలో క్యాప్నోగ్రాఫ్ వాడకపోవడం కూడా కారణమని నిర్ధారించారు. అన్ని వసతులూ ఉన్న దేశంలోని లెక్క ఇది. ఇక్కడి ఐసీయూకు పరికరాల జాబితా తయారుచేసే అధికారులు వెంటిలేటర్ల సంఖ్యతో పాటు క్యాప్నోగ్రాఫ్‌ల సంఖ్యను కూడా చూడవలసి ఉంటుంది.

గొట్టంతో ఇబ్బంది వచ్చినప్పుడు ఏమి చేయాలో 2012లో బ్రిటన్ నిపుణులు క్రమపద్ధతిగా రూపొందించగా, ఇప్పుడు అనేక దేశాలు అనుసరిస్తున్నాయి. భారతీయ క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం కూడా 2020లో మన ఐసీయూలకు తగిన సూచనలు వెలువరించింది. సారాంశంలో ఆ క్రమం ఇలా ఉంటుంది. ముందు సహాయం కోసం పిలవాలి. ముఖానికి, మెడ రంధ్రానికి రెండింటికీ ఆక్సిజన్ ఇవ్వాలి. గొట్టానికి తగిలించిన మూత, మాట్లాడే కవాటం, లోపలి గొట్టం తీసివేయాలి. సక్షన్ క్యాథెటర్ లోపలికి పోతున్నదో లేదో చూడాలి. పోకపోతే గొట్టం చుట్టూ ఉన్న బెలూన్‌లోని గాలి తీసివేయాలి. అప్పటికీ రోగి కోలుకోకపోతే గొట్టాన్నే తీసివేసి, రంధ్రాన్ని మూసి, నోటి గుండా మాస్కుతో గాలి పంపాలి. పాడైన గొట్టాన్ని తీయడానికి చేయి రాకపోవడం సహజమే. కానీ పనిచేయని గొట్టం గొట్టం కాదు, అడ్డంకి.

నోటి దారి లేని రోగులు

పై క్రమానికి ఒక ముఖ్యమైన మినహాయింపు కలదు. స్వరపేటిక క్యాన్సరుకు పూర్తి శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో స్వరపేటికనే తీసివేసి, శ్వాసనాళం పై చివరను మెడకు కుట్టివేస్తారు. వీరి నోటికి, ఊపిరితిత్తులకు సంబంధం ఉండదు. బీడీ, చుట్ట, పొగాకు అలవాటు ఉన్న ఈ జిల్లాల రోగులు అనేకులు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో చికిత్స పొంది స్వగ్రామాలకు తిరిగి వస్తారు. అటువంటి వ్యక్తి జ్వరంతోనో ఆయాసంతోనో దగ్గరలోని ఆసుపత్రికి వచ్చినప్పుడు, విషయం తెలియని సిబ్బంది ముక్కుకు మాస్కు పెడితే ఒక్క బుడగ ఆక్సిజన్ కూడా లోపలికి పోదు. అందుకే మంచి ఆసుపత్రులలో పడక తల వైపు గోడకు రంగు కార్డు తగిలిస్తారు: నోటి దారి ఉన్నవారికి ఆకుపచ్చ, లేనివారికి ఎరుపు. రంధ్రం చేసిన తేదీ, పద్ధతి, గొట్టం సైజు ఆ కార్డుపై ఉంటాయి. దీనికి అయ్యే ఖర్చు ఒక అట్ట ముక్క.

పూడిక, ఎండ, ధూళి

ముక్కు మనం పీల్చే గాలిని తడిపి, వెచ్చబరచి, వడకట్టి పంపుతుంది. మెడ గొట్టం ఆ మూడు పనులనూ దాటవేస్తుంది. పొడి గాలి నేరుగా లోపలికి పోయి కఫం జిగురై, ఆ తరువాత గట్టి పెళుసుగా మారి గొట్టాన్ని మూస్తుంది. ఏప్రిల్, మే నెలలలో నల్లగొండ ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు. ఆ గాలి వీచే వార్డులో తేమ అందించే ఫిల్టరు లేకుండా రోగిని ఉంచితే, ఉదయం బాగున్న గొట్టం సాయంత్రానికి పూడిపోవచ్చు.

లోపల విడిగా తీసి కడిగే గొట్టం ఉన్న రకం వాడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. చవకగా దొరికే ఒంటి పొర ప్లాస్టిక్ గొట్టాలలో ఆ సౌకర్యం లేదు. కఫం పీల్చే క్యాథెటర్ మందం గొట్టం లోపలి వ్యాసంలో సగానికి మించరాదు. 8 నంబరు గొట్టానికి 12 ఫ్రెంచ్ క్యాథెటర్ సరిపోతుంది. ఒక్కోసారి 10 నుండి 15 సెకన్లకు మించి పీల్చరాదు. బెలూన్ పీడనం 20 నుండి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండాలి. వేలితో నొక్కి చూసి ‘సరిపోయింది’ అనుకోవడం నమ్మదగిన కొలత కాదు. ఎక్కువ పీడనం శ్వాసనాళపు లోపొరకు రక్తప్రసరణ ఆపివేస్తుంది. నెలల తరువాత నాళం ముడుచుకుపోయి, అప్పటికి ఇంటికి వెళ్ళిన రోగి ఆయాసంతో మరల వస్తాడు, దానిని ఉబ్బసమని పొరబడే వీలు కూడా ఉంది.

రక్తస్రావం విషయంలో ఒక్క సూచన చాలు. శస్త్రచికిత్స జరిగిన మూడు రోజుల తరువాత, ఆరు వారాల లోపల గొట్టం నుండి తాజా రక్తం కొద్దిగా కనిపించి ఆగిపోయినా, దానిని తేలికగా తీసుకోరాదు. గొట్టం ఒరిపిడికి పెద్ద ధమని తెగబోయే ముందు వచ్చే హెచ్చరిక అది కావచ్చు. అరుదైనదే, కానీ తెగితే నిమిషాలలో ప్రాణం పోతుంది.

నోరు పెగలని రోగి

బెలూన్ నింపిన గొట్టం ఉన్న రోగికి గొంతు రాదు. ఊపిరాడకపోయినా కేక వేయలేడు. జనరల్ వార్డులో రాత్రి వేళ చివరి పడకలో ఉన్న అటువంటి రోగి పరిస్థితిని ఊహించవచ్చు. ఒక గంట, ఒక పలక, చదువు రానివారికి నీళ్ళు, నొప్పి, ఊపిరి, ఇంటివారు అనే బొమ్మల అట్ట ఇవ్వడం, నర్సు బల్లకు ఎదురుగా పడక వేయడం వైద్య చికిత్సతో సమానమైన పనులు. పురుగుమందు తాగి కోలుకుంటున్న వ్యక్తి విషయంలో ఇది ఇంకా అవసరం. ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషికి మొదటి వారాలలో ఏమీ చెప్పుకోలేని స్థితి తోడవుతుంది. గొంతు తిరిగి వచ్చిన నాడు మానసిక వైద్యుని సలహా కూడా అందాలి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సహాయ నంబరు 14416 ద్వారా కుటుంబసభ్యులు సైతం మాట్లాడవచ్చు.

మాట్లాడే కవాటం తగిలించేటప్పుడు బెలూన్‌లోని గాలి పూర్తిగా తీసివేయాలి. కవాటం గాలిని లోపలికి రానిస్తుంది, వెనుకకు పోనివ్వదు. బెలూన్ నిండి ఉంటే వదిలిన ఊపిరికి దారే ఉండదు. ఈ పొరపాటు నిమిషాలలో ప్రాణం తీయగలదు.

పడక పక్కన పెట్టె, అంబులెన్సులో పెట్టె

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు, వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచన మేరకు రోగులకు ట్రాకియాస్టమీ చేసి, వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్ళు చేతితో బ్యాగు నొక్కి వందలాది మందిని బ్రతికించారు. ఐసీయూ అనే భావన అక్కడే పుట్టింది. యంత్రం కన్న ముందు పడక పక్కన మనిషి ఉన్నాడు. ఆ మనిషి చేతికి అందేలా ఒక పెట్టె ఉండాలి: అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది మరొకటి, రంధ్రం తెరిచే పరికరం, కత్తెర, 10 మిల్లీలీటర్ల సిరంజి, జెల్లీ, తొడుగులు, ఆంబూ బ్యాగు, ముఖ మాస్కు, పనిచేసే సక్షన్. పెట్టె అల్మారాలో తాళం వేసి ఉంటే లేనట్లే. రోగి స్కానింగ్‌కు పోయినా, వేరే ఆసుపత్రికి పోయినా పెట్టె వెంట పోవాలి.

నారాయణపేట నుండి గానీ, దేవరకొండ నుండి గానీ హైదరాబాద్‌కు రోగిని పంపేటప్పుడు దారిలో రెండు గంటలకు పైగా పడుతుంది. బయలుదేరే ముందే సక్షన్ చేసి, గొట్టం తాళ్ళు సరిచూసి, సిలిండరులో ఆక్సిజన్ దారికి రెట్టింపు ఉన్నదని నిర్ధారించుకోవాలి. ఇంటికి పంపేటప్పుడు తరచుగా అమర్చే లోహపు గొట్టాలు మన్నికగలవి, కడుక్కోవచ్చు. కానీ సాధారణ లోహ గొట్టానికి బెలూన్ ఉండదు, ఆంబూ బ్యాగు తగిలించే చివర కూడా ఉండదు. అత్యవసరంలో అంబులెన్సు సిబ్బంది చేతిలో బ్యాగు ఉండీ తగిలించలేకపోవచ్చు. ఈ విషయం 108 శిక్షణలో, డిశ్చార్జి పత్రంలో రెండు చోట్లా ఉండవలసినది.

ఇంటివారికి ఇచ్చే శిక్షణ డిశ్చార్జి రోజున పది నిమిషాలలో అయ్యేది కాదు. కనీసం ఇద్దరు కుటుంబసభ్యులు నర్సు ఎదుట తమ చేతులతో లోపలి గొట్టం తీసి, కడిగి, మరల పెట్టి చూపించిన తరువాతనే రోగిని పంపడం ఉచితం. ఒకరు కూలికి పోతే మరొకరు ఇంట ఉండాలి కదా. గొట్టం నోటికి తడిపిన పలుచని గుడ్డ కట్టడం, ప్రత్తి దూది, మిరప కల్లం, వరి నూర్పిడి ధూళికి దూరంగా ఉండడం, చెరువులో, బావిలో దిగకపోవడం, స్నానం మెడ కింది వరకే చేయడం చెప్పాలి. గ్రామ ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి పేరు, గొట్టం సైజు, తదుపరి మార్పు తేదీ తెలియజేయాలి.

పాత్రికేయుల దృష్టికి

ఇటువంటి రోగి మరణించినప్పుడు ‘గొంతు కోసి చంపారు’ అన్న ఆరోపణ వెలువడడం, శస్త్రచికిత్స చేసిన వైద్యునిపైనే చర్చ నడవడం పరిపాటి. కొన్ని సందర్భాలలో అది న్యాయమైన ప్రశ్నే కావచ్చు. కానీ అడగవలసిన ఇతర ప్రశ్నలు ఉన్నాయి. రంధ్రం చేసి ఎన్ని రోజులైంది? గొట్టం జారిందా, పూడిందా? ఆ సమయంలో రోగి ఐసీయూలో ఉన్నాడా, వార్డులోనా? ఎన్ని పడకలకు ఒక నర్సు ఉన్నారు? క్యాప్నోగ్రాఫ్ ఉన్నదా, వాడారా? పడక పక్కన రెండవ గొట్టం ఉన్నదా? ఈ సమాధానాలలో చాలా భాగం కేసు షీటులోనే దొరుకుతాయి. దొరకకపోతే, వ్రాయలేదన్నది కూడా ఒక సమాచారమే. విషప్రభావం కేసులలో రోగి పేరు, తాగిన మందు పేరు, పరిమాణం ప్రచురించకపోవడం మంచిది.

జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లు నెలకొకసారి ట్రాకియాస్టమీ రోగుల రిజిస్టరును చూసినప్పుడు, ఎన్ని శస్త్రచికిత్సలు జరిగాయన్న సంఖ్యకు పక్కన మరి మూడు గడులు ఉంటే సరిపోతుంది: అనుకోకుండా బయటకు వచ్చిన గొట్టాలు ఎన్ని, పూడినవి ఎన్ని, ఎంతమందికి గొట్టం తీసి రంధ్రం మూసి ఇంటికి పంపారు.